కొత్త ఫోన్ పోస్టులో మనం రాయని లైను



ఈ పోస్టు రాస్తున్నది మేము నలుగురం. ఈ గ్రూపులో కొత్త ఫోన్లు, ఇయర్‌బడ్స్, స్మార్ట్ వాచీల పోస్టులు అందరికంటే ఎక్కువ పెట్టింది కూడా మేమే. డబ్బా ఓపెన్ చేసే వీడియో, కెమెరా ఫోటోలు, "ఈ రేటుకు ఇంతకంటే మంచిది దొరకదు" అనే మాట, అన్నీ మావే. కాబట్టి కింద ఎవరినైనా తప్పు పడుతున్నట్టు అనిపిస్తే ముందు మమ్మల్నే అనుకోండి.

మొన్న దీపావళికి దండారి అని ఊరికి పోయినం. అక్కడ డిగ్రీ మొదటి సంవత్సరం చదివే ఒక తమ్ముడు కలిసిండు. రెండు నెలలుగా గ్రూపులో కనబడట్లేదు, ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. ఏమైందిరా అంటే జేబులోంచి ఫోన్ తీసి చూపించిండు. కొత్త ఫోనే, గీత కూడా పడలేదు. స్క్రీన్ మీద మాత్రం కిస్తీ కట్టమని ఒకటే మాట. అప్పు ఇచ్చిన కంపెనీ లాక్ వేసింది. 24,999 రూపాయల ఫోన్ అది. స్కాలర్‌షిప్ పడగానే కొంత ముందు కట్టి, మిగతాది పన్నెండు కిస్తీలు పెట్టుకున్నడు. మూడో కిస్తీకి ఖాతాలో పైసలు లేవు. బ్యాంకు ఒక ఫైను, కంపెనీ ఒక ఫైను. సరిగ్గా పరీక్ష ఫీజు కట్టే వారంలో ఫోన్ మూతపడింది. సిమ్ తీసి హాస్టల్‌లో దోస్తు ఫోన్‌లో వేసుకొని, లేట్ ఫీజుతో కట్టిండట. నోట్సు ఫోటోలన్నీ లోపలే ఉండిపోయినయి. ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.

"ఇంత రేటుది ఎందుకు కొన్నవ్ రా?" అని అడిగితే, "అన్నా, మీరు పెట్టిన పోస్టు చూసే కొన్న" అన్నడు. కోపంగా కాదు, మామూలుగానే అన్నడు. అందుకే ఎక్కువ తగిలింది.

ఎందుకంటే ఆ పోస్టులో మేము రాయని లైను ఒకటుంది. ఆ ఫోన్ మాలో ఒకరు కొన్నది కూడా కిస్తీల మీదే. ఉద్యోగం ఉంది కాబట్టి నెలనెలా కట్ అయిపోతున్నది. ర్యామ్ ఎంత, ఛార్జింగ్ ఎన్ని నిమిషాలు అన్నీ రాసినం, ఇది రాయలేదు. ఎవరో కామెంట్‌లో "క్యాష్ ఆ అన్నా?" అని అడిగితే నవ్వే బొమ్మ పెట్టి ఊరుకున్నం. ఆ బొమ్మ చూసి చదివినోళ్లు ఏం అనుకున్నరో ఇప్పుడు తెలుస్తున్నది.

కొనొద్దు అని మేము అనట్లేదు. ఆ మాట అనడానికి బయట చాలా మంది ఉన్నరు, "వీళ్లకు ఇంత ఫోన్ ఎందుకు" అని. 2020 సెప్టెంబర్ 1న టీవీ పాఠాలు మొదలైనప్పుడు, టీవీ లేని ఇంట్లో ఒక్క ఫోన్ పట్టుకొని సిగ్నల్ కోసం గుట్ట ఎక్కిన పిల్లలం మనం. మనలో ఒకరు తన సంపాదనతో డబ్బా ఓపెన్ చేస్తే అందరం సంతోషపడటంలో తప్పు లేదు. కానీ షోరూమ్‌వాళ్లు రాసే పద్ధతిలోనే మనమూ రాస్తే ఈ గ్రూపు ఎందుకు? వాళ్లు మన ఊరికి రారు. మనం వస్తం, ఆ ఫోన్ పట్టుకొనే వస్తం.

సిగ్నల్ సంగతే చూడండి. మనం ఎన్ని ఫోన్ల గురించి రాసినా ఊర్లో ఎన్ని గీతలు వస్తున్నయో ఒక్కరమూ రాయలేదు. మాలో ఒకరు అమ్మ కోసం 3,500 రూపాయలకు సెకండ్ హ్యాండ్ 4జీ ఫోన్ కొన్నరు. ఊరికి దగ్గర బీఎస్ఎన్ఎల్ టవర్ ఉంది, 4జీ కూడా వచ్చింది. పక్కింటివాళ్ల ఫోన్‌లో వీడియో కాల్ నడుస్తది, అమ్మ ఫోన్‌లో మాత్రం మామూలు కాల్సే. సిమ్ మార్చినం, సెట్టింగులు మార్చినం, చివరికి తెలిసింది ఏంటంటే ఆ ఫోన్‌కు బ్యాండ్ 28 లేదు. బీఎస్ఎన్ఎల్ 4జీ 700, 2100 మెగాహెర్ట్జ్‌ల మీద నడుస్తది. ఆ 700 అంటేనే బ్యాండ్ 28. తక్కువ ఫ్రీక్వెన్సీ కాబట్టి అడవిలో, గుట్టల మధ్య ఎక్కువ దూరం పోతది. పాత చవక ఫోన్లలో చాలావాటికి అది ఉండదు. సిగ్నల్ లేని 24,680 ఊర్లకు 4జీ ఇయ్యాలని 2022 జూలైలో కేంద్రం 26,316 కోట్లు మంజూరు చేసి ఆ పని బీఎస్ఎన్ఎల్‌కే ఇచ్చింది. అంటే మన వైపు కొత్తగా లేచే టవర్లలో చాలా వరకు అవే. కొనేముందు కంపెనీ సైట్‌లో నెట్‌వర్క్ బ్యాండ్ల వరుసలో 28 ఉందో లేదో చూడటానికి రెండు నిమిషాలు పడుతది. ఆ రెండు నిమిషాలు చూడక అమ్మ 3,500 పోయినయి.

సెకండ్ హ్యాండ్ అంటే ఇంకోటి. స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొడితే ఐఎంఈఐ నంబర్ వస్తది. కే, వై, ఎం అనే మూడు ఇంగ్లిష్ అక్షరాలు, ఖాళీ, ఆ పదిహేను అంకెల నంబర్ టైప్ చేసి 14422కు మెసేజ్ పంపితే అది బ్లాక్ చేసిన ఫోనా కాదా తెలుస్తది. సంతలో కొనేటప్పుడు పైసలు చేతిలో పెట్టకముందే చేయండి.

పవర్ బ్యాంకుల మీద కూడా మేము తప్పే రాసినం. 10000 అని డబ్బా మీద ఉంటే 5000 బ్యాటరీ ఫోన్ రెండుసార్లు నిండుతదని లెక్కేసినం. నిండదు. ఆ 10000 లోపలి సెల్ లెక్క. వోల్టేజి మారేటప్పుడు కొంత పోతది, ఒకటిన్నర సార్లు వస్తే మంచిదే. వెనక చిన్న అక్షరాల్లో రేటెడ్ కెపాసిటీ అని ఉంటది, అది చూడాలె.

"నో కాస్ట్ ఈఎంఐ" గురించి ఎక్కువ చెప్పం. సున్నా వడ్డీ అనేదే ఉండదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు రాసింది. ప్రాసెసింగ్ ఫీజు రూపంలోనో, నగదుకు ఇచ్చే తగ్గింపు మనకు ఇయ్యకుండానో ఎక్కడో ఒకచోట పట్టుకుంటరు. కిస్తీ కాగితంలో మొత్తం ఎంత కట్టాలో ఉంటది, ఆ అంకె పోస్టులో రాద్దాం.

ఒకటి మాత్రం మేము ఎప్పుడూ అడగలేదు, సిగ్గుగానే ఉంది. మన గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది. మసరాం గోండి అంతకు ముందు ఏడాదే వచ్చింది. నోటో ఫాంట్లు రెండింటికీ ఉచితంగా ఉన్నయి. అయినా గ్రూపులో ఎవరన్నా మన లిపిలో నాలుగు అక్షరాలు పెడితే కొందరి ఫోన్లలో డబ్బాలే కనిపిస్తయి. ఏ ఫోన్‌లో కనిపిస్తున్నయి, ఏ ఫోన్‌లో లేదు అనేది ఏ యూట్యూబ్ రివ్యూలోనూ దొరకదు. మనమే రాయాలె.

గ్రూపులో ఇప్పటివరకు వచ్చిన మంచి పోస్టు మా దృష్టిలో ఫోన్‌ది కాదు. ఒక అక్క సంతలో కొన్న ఛార్జింగ్ బల్బు గురించి రాసింది. కరెంట్ పోతే దానంతట అదే వెలుగుతది. కొన్న రోజు కాదు, పది నెలల తర్వాత రాసింది: "మొదట్లో మూడు గంటలు వచ్చేది, ఇప్పుడు రెండే వస్తున్నది, అయినా పిల్లల చదువుకు సరిపోతున్నది" అని. నాలుగు లైకులు వచ్చినయి. అందులో మావి లేవు.

సరే, మా పాత పోస్టు కింద ఈ రోజు ఇది కలిపినం. ఫోన్ 24,999. కిస్తీల మీద కొన్నది, ఇంకా నాలుగు ఉన్నయి. ప్రాసెసింగ్ ఫీజు వేరే కట్టినం. బ్యాండ్ 28 ఉంది. హైదరాబాద్‌లో 5జీ బాగుంది. ఊర్లో 5జీ లేదు, 4జీ రెండు గీతలు, అది కూడా ఇంటి వెనక చింతచెట్టు దగ్గర నిలబడితేనే. మన లిపి ఇంకా చూడలేదు, ఎవరన్నా కింద కామెంట్‌లో నాలుగు అక్షరాలు పెట్టండి, కనిపిస్తున్నయో లేదో చెప్తం. తమ్ముడి కిస్తీల గురించి అతనితో మాట్లాడినం, ఇంట్లో చెప్పేటప్పుడు పక్కన ఉంటమని చెప్పినం. వచ్చే ఆదివారం పోతున్నం.