ఆ 849 రూపాయల 60 పైసలు ఎవరికి?



పేరెంట్స్ మీటింగుకు వచ్చినప్పుడు పిల్లల మార్కుల గురించి మాట్లాడడం అయిపోయాక, లేవబోతూ మీలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడం, సర్క్యులర్‌లో ఒక ఫీజు రాస్తారు, క్రెడిట్ కార్డుతో కడితే అంతకన్నా ఎక్కువ కట్ అవుతుంది. ఆ పై డబ్బు ఎవరికి, స్కూలుకేనా?" ఇది అడగాల్సిన ప్రశ్నే. 7వ తరగతికి శాతాలు చెప్పే టీచరుగా దీనికి లెక్కతోనే జవాబు చెబుతాను.

టర్మ్ ఫీజు 40,000 అనుకుందాం. కార్డు ఛార్జీ 1.8 శాతం అనుకుందాం. అంటే 720 రూపాయలు. ఆ 720 మీద 18 శాతం జీఎస్టీ 129 రూపాయల 60 పైసలు. రెండూ కలిపితే 849 రూపాయల 60 పైసలు. మూడు టర్ములూ ఇలాగే కడితే ఏడాదికి 2,548 రూపాయల 80 పైసలు. 12వ తరగతి వరకు స్కూలు ఫీజు మీద జీఎస్టీ లేదు. పన్ను పడేది ఈ కన్వీనియెన్స్ ఫీజు మీద మాత్రమే.

ఈ ఛార్జీలో ఎక్కువ భాగం మీకు కార్డు ఇచ్చిన బ్యాంకుకు వెళ్తుంది. కొంత వీసా, మాస్టర్‌కార్డ్, రూపే లాంటి కార్డు నెట్‌వర్కుకు, మిగిలింది డబ్బును స్కూలు ఖాతాకు చేర్చే బ్యాంకుకు, పేమెంట్ గేట్‌వేకు వెళ్తాయి. బట్టల షాపులో కార్డు గీకినా ఈ ఖర్చు ఉంటుంది. అక్కడ షాపువాళ్లు తమ లాభంలోంచి భరిస్తారు కాబట్టి మనకు కనిపించదు. ఫీజులు, రైలు టికెట్ల దగ్గర మాత్రం చాలాసార్లు దాన్ని విడిగా చూపించి మన దగ్గరే తీసుకుంటారు.

అన్ని పద్ధతులకూ ఒకే ఛార్జీ ఉండదు. యూపీఐ, రూపే డెబిట్ కార్డులపై బ్యాంకులు ఈ ఛార్జీ వేయకూడదని 2020 జనవరి 1 నుంచి నిబంధన ఉంది. మిగతా డెబిట్ కార్డులపై బ్యాంకులు తీసుకునే ఛార్జీకి రిజర్వు బ్యాంకు 2018లోనే పరిమితి పెట్టింది. క్రెడిట్ కార్డుకు అలాంటి పరిమితి లేదు. అందుకే పేమెంట్ పేజీలో అన్నిటికన్నా పెద్ద అంకె సాధారణంగా దాని పక్కనే కనిపిస్తుంది.

"ఫీజు పెద్ద మొత్తం కదా, యూపీఐలో వెళ్తుందా?" అని కొందరి సందేహం. విద్యాసంస్థలకు యూపీఐతో ఒకేసారి 5 లక్షల దాకా కట్టడానికి రిజర్వు బ్యాంకు 2023 డిసెంబరులో వీలు కల్పించింది. మీ బ్యాంకు తన పరిమితిని అంతకన్నా తక్కువగా పెట్టి ఉండవచ్చు, ఒకసారి కనుక్కోండి. వెళ్లకపోతే ఆన్‌లైన్ నెఫ్ట్ ఉంది. సేవింగ్స్ ఖాతాదారుల దగ్గర దానికి ఛార్జీ తీసుకోకూడదని 2020 నుంచి నిబంధన ఉంది.

కాబట్టి ఖాతాలో డబ్బు ఉంటే క్రెడిట్ కార్డు జోలికి వెళ్లకండి. పాయింట్లు వస్తాయనే ఆశతో వాడేవారు రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. నూరు రూపాయల ఖర్చుకు వచ్చే పాయింట్ల విలువ చాలా కార్డుల్లో రూపాయి లోపే ఉంటుంది. పై లెక్కలో మీరు కట్టింది రెండు రూపాయల పైనే. వేరే కంపెనీల యాప్‌ల ద్వారా ఫీజు కట్టే అలవాటు ఉంటే ఇంకొంచెం జాగ్రత్త. అలాంటి చెల్లింపులపై కొన్ని బ్యాంకులు 2024 నుంచి ఒక శాతం అదనంగా వేస్తున్నాయి.

ఖాతాలో డబ్బు లేనప్పుడు ఏం చేయాలన్నదే అసలు సమస్య. జీతం ఆలస్యమవుతుంది. పంట డబ్బు చేతికి రాదు. ఫీజు గడువు మాత్రం ఆగదు. అప్పుడు కార్డు ఆదుకున్నట్టే ఉంటుంది. కానీ అది ఫీజు కట్టడం కాదు, అప్పు చేసి ఫీజు కట్టడం. అప్పు అన్నాక మన పెద్దవాళ్లు అడిగే మొదటి మాట అడగాలి కదా: నూటికి ఎంత వడ్డీ?

బిల్లు మొత్తాన్ని గడువులోగా కట్టేస్తే బ్యాంకు వడ్డీ వేయదు. అయినా ఆ 849 రూపాయల 60 పైసలను నెలన్నర వాడకానికి లెక్కేస్తే నూటికి నెలకు సుమారు రూపాయి నలభై పైసలు పడుతుంది. బిల్లులో 'మినిమం డ్యూ' అని కనిపించే చిన్న మొత్తం మాత్రమే కడితే కథ మారుతుంది. చాలా కార్డుల్లో వడ్డీ నెలకు మూడు నుంచి నాలుగు శాతం మధ్య ఉంటుంది, అదీ ఫీజు కట్టిన రోజు నుంచే లెక్కేస్తారు. మూడున్నర శాతం అనుకుంటే 40,000కు నెలకు 1,400, దానిపై జీఎస్టీ 252. ఊళ్లో ఎవరైనా మూడున్నర రూపాయల వడ్డీకి అప్పు ఇస్తామంటే మనం దండం పెట్టి వచ్చేస్తాం. అదే వడ్డీ ఫోన్ తెరమీద చిన్న అక్షరాల్లో కనిపిస్తే చదవకుండా 'పే' నొక్కేస్తాం. బ్యాంకులో బంగారం మీద అప్పు సాధారణంగా రూపాయి వడ్డీకి అటూ ఇటూగా దొరుకుతుంది.

అందుకే మీకు ఒక మనవి. డబ్బు సర్దుబాటు కాకపోతే కార్డు తీయకముందే ఆఫీసుకు వచ్చి మాట్లాడండి. రెండు వాయిదాలుగా కడతామనో, ఫలానా తేదీ దాకా గడువు కావాలనో అడగండి. అడగడం నామోషీ కాదు. నెలనెలా వడ్డీ కట్టే ఇంట్లో ఆ ఒత్తిడి పిల్లలకు తెలియకుండా ఉండదు. క్లాసులో పరధ్యానంగా కూర్చున్న పిల్లను "ఏమైందమ్మా?" అంటే, ఒక్కోసారి వచ్చే జవాబులో లెక్కల పాఠం ఉండదు, ఇంటి బిల్లులు ఉంటాయి.

మన యాజమాన్యానికి కూడా ఒక మనవి. ఫీజు సర్క్యులర్‌లో మొత్తం కింద ఇంకో నాలుగు వరుసలు వేయండి: యూపీఐతో కడితే ఇంత, నెట్ బ్యాంకింగ్‌తో ఇంత, డెబిట్ కార్డుతో ఇంత, క్రెడిట్ కార్డుతో ఇంత అని. ఛార్జీ లేని పద్ధతిని యాప్‌లో అన్నిటికన్నా పైన పెట్టండి. గడువు అడిగేవారు ఎవరిని కలవాలో కూడా అక్కడే రాయండి. ఆ డబ్బు స్కూలుకు రానప్పుడు, వస్తోందన్న అనుమానం మాత్రం స్కూలు ఎందుకు మోయాలి?

ఈసారి ఫీజు కట్టేటప్పుడు 'పే' నొక్కే ముందు ఒక్క నిమిషం ఆగి, 6వ తరగతి దాటిన మీ అబ్బాయినో అమ్మాయినో పక్కన కూర్చోబెట్టుకోండి. ఛార్జీ ఎంత శాతమో, దానిపై జీఎస్టీ ఎంతో వాళ్లనే లెక్కకట్టమనండి. హోంవర్క్ అయినట్టూ ఉంటుంది, డబ్బు మిగిలినట్టూ ఉంటుంది.