పక్షవాతము - ఆసుపత్రికి చేరక ముందు చికిత్స

పక్షవాతము వచ్చిన రోగికి ఆసుపత్రి చేరేలోపు అంబులెన్సు సిబ్బంది చేసే పరీక్షలను, అందించే సేవలను ఆసుపత్రి ముందు చికిత్స అంటారు. ఈ దశలో వ్యాధిని నయము చేసే మందు సాధారణంగా ఇవ్వబడదు. అయినప్పటికీ రోగి తరువాత నడవగలడా, మాట్లాడగలడా అనేది చాలావరకు ఈ దశపైననే ఆధారపడి ఉంటుంది.

కాలము ప్రాధాన్యత

పక్షవాతము ముఖ్యముగా రెండు రకములు. మెదడులోని రక్తనాళమునకు రక్తపు గడ్డ అడ్డుపడుట వలన వచ్చేది మొదటిది. ఎక్కువ మందిలో కనిపించేది ఇదే. రక్తనాళము చిట్లి రక్తస్రావము జరుగుట వలన వచ్చేది రెండవది. పెద్ద రక్తనాళము మూసుకుపోయినపుడు నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణములు నశిస్తాయని అమెరికా వైద్యుడు జెఫ్రీ సేవర్ 2006లో అంచనా వేసినాడు.

గడ్డను కరిగించే ఆల్టెప్లేస్ మందును 3 గంటలలోపు ఇస్తే వైకల్యము తగ్గుతుందని 1995లోను, నాలుగున్నర గంటల వరకు ప్రయోజనము ఉంటుందని 2008లోను వెలువడిన పరిశోధనలు తెలిపినవి. సన్నని గొట్టము ద్వారా గడ్డను బయటకు తీసే పద్ధతి 2015లో వచ్చిన ఫలితములతో స్థిరపడినది.

అంబులెన్సులో చేయవలసిన పనులు

* ముఖము ఒక ప్రక్కకు వంగినదా, ఒక చేయి వాలిపోవుచున్నదా, మాట తడబడుచున్నదా అని చూచుట. అమెరికాలోని సిన్సినాటిలో 1990లలో రూపొందిన పరీక్షలో ఈ మూడు అంశములే ఉన్నవి.
* రోగి చివరిసారిగా ఆరోగ్యముగా కనిపించిన సమయమును వ్రాసుకొనుట. మందు ఇవ్వవచ్చునా లేదా అనేది ఈ సమయమును బట్టి నిర్ణయిస్తారు.
* రక్తములో చక్కెర పరీక్షించుట. చక్కెర బాగా తగ్గినపుడు కూడా పక్షవాతము వంటి లక్షణములే కనిపించవచ్చును.
* శ్వాసను గమనించుట, నోటి ద్వారా ఆహారము, నీరు ఇవ్వకుండుట.
* ఆసుపత్రికి ముందుగా కబురు అందించుట. దీని వలన రోగి చేరగానే స్కానింగు మొదలుపెట్టవచ్చును.

మందు ఎందుకు ఇవ్వరు

గడ్డ వలన వచ్చిన పక్షవాతమును, రక్తస్రావము వలన వచ్చిన దానిని లక్షణములను బట్టి ఖచ్చితముగా వేరు చేయలేరు. ఇందుకు సీటీ స్కాన్ తప్పనిసరి. చైనాలో అంబులెన్సులోనే రక్తపోటు తగ్గించి చూసిన ఒక పెద్ద పరిశోధన 2024లో వెలువడినది. రక్తస్రావమైన వారికి అది మేలు చేయగా, గడ్డ ఉన్నవారికి కీడు చేసినది. మొత్తము మీద తేడా కనిపించలేదు.

ఈ ఇబ్బందిని దాటుటకు స్కానింగు యంత్రము గల అంబులెన్సును జర్మనీలోని హోంబుర్గ్‌లో 2008లో ప్రవేశపెట్టినారు. ఇటువంటి వాహనములలో చికిత్స పొందినవారికి వైకల్యము తక్కువగా ఉన్నట్లు 2021లో జర్మనీ, అమెరికా పరిశోధనలు తెలిపినవి. అయితే వీటికి ఖర్చు చాలా ఎక్కువ.

ఏ ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి

దగ్గరి ఆసుపత్రిలో స్కానింగు లేనిచో అక్కడ గడిచిన సమయమంతా వృథా అవుతుంది. అలాగని అన్నిటికంటే పెద్ద ఆసుపత్రియే మేలని కూడా చెప్పలేము. స్పెయిన్ దేశపు కాటలోనియాలో రోగులను గడ్డ తీసే పెద్ద కేంద్రమునకు నేరుగా తరలించినా, ముందు స్థానిక పక్షవాత కేంద్రమునకు తీసుకువెళ్ళినా ఫలితములలో తేడా లేదని 2022లో తేలినది. ఆ స్థానిక కేంద్రములలో స్కానింగు, గడ్డ కరిగించే మందు రెండూ ఉండుట గమనార్హము.

తెలుగు రాష్ట్రములలో

108 అత్యవసర సేవలు 2005 ఆగష్టు 15న హైదరాబాదులో ప్రారంభమైనవి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఈ సంఖ్యకు ఫోను చేస్తే అంబులెన్సు ఉచితముగా వస్తుంది. కాని ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో సీటీ స్కాన్ ఉండదు. కనుక పల్లెలోని రోగికి వాహనము త్వరగా వచ్చుట ఎంత ముఖ్యమో, స్కానింగు, మందు రెండూ ఉన్న ఆసుపత్రి ఏదో సిబ్బందికి ముందే తెలిసి ఉండుట అంతే ముఖ్యము. లక్షణములు వాటంతట అవే తగ్గుతాయని ఇంటివారు తెల్లవారే వరకు వేచి ఉంటే, ఎంత మంచి అంబులెన్సు అయినా ఆ కాలమును తిరిగి తేలేదు.