వంతెన కింద పడవ

"మాస్టారూ, వీటిలో ఏది కొనమంటారండీ?" అంటూ మా పాత శిష్యుడొకడు నా బల్లమీద ఒక చీటీ పెట్టాడు.

ఆదివారం పొద్దున్న కాఫీ తాగి, ఎర్రసిరా కలం పట్టుకుని పరీక్షపేపర్ల ముందు కూచున్న తెలుగు లెక్చరర్ని అడగవలసిన ప్రశ్న కాదది. చీటీలో ఉన్నవి ప్రబంధాల పేర్లు కావు. ఓజోన్, టీ-రాక్స్, లాండర్! ఇంట్లో రికార్డు చేసుకున్న పాటకు ఆఖరి మెరుగుపెట్టే సాఫ్ట్‌వేర్లుట. ఆ పనిని మాస్టరింగ్ అంటారు.

"ఒరే, నేను ఛందస్సు చెప్పుకు బతికేవాణ్ణిరా!" అన్నాను.

"ఆయ్, అందుకే వచ్చానండి. మీకు చెవి ఉందండి" అన్నాడు.

పొగిడితే లొంగని లెక్చరరు ఇంకా పుట్టలేదు. పైగా వాడికి నా గుట్టు తెలుసు. 2020లో కళాశాలలు మూతపడినప్పుడు పద్యాలు ఇంట్లో రికార్డు చేసి పిల్లలకు పంపవలసి వచ్చింది. ఫాను ఆపుకుని, నెత్తిన బొంత కప్పుకుని, చెమటలు కారుతూండగా ఉత్పలమాలలు చదివాను. అప్పటినుంచీ ఈ విద్యలో నేనూ కాస్త వేలు పెట్టాను.

వాడిది రాజోలు దగ్గర ఒక ఊరు. పెంకుటిల్లు, వెనక కొబ్బరితోట. ఇంట్లో ఒక గదే వాడి స్టూడియో. ఒక మైకు, ఒక లాప్‌టాపు, ఆ రెంటికీ నడుమ చిన్న పెట్టె. అంతే సరంజామా. ఏడాది కిందట అందులో వాళ్ళ అమ్మగారిచేత పదకొండు పాటలు పాడించాడు. నాట్ల పాటలు, అప్పగింతల పాట, జోలపాటలు. ఆవిడ ఏవీ పుస్తకం చూసి నేర్చుకోలేదు. అత్తగారి నోట విని పట్టుకున్నవే. ఆ తరవాత ఆవిడకు గొంతుకి జబ్బుచేసి ఆపరేషను అయింది. మాట నిలిచింది గాని, పైస్థాయి పోయింది. కనక ఆ పదకొండు పాటలూ మళ్ళీ అల్లా పాడించగలిగినవి కావు.

ఒక సాఫ్ట్‌వేరువాళ్ళు కొద్దిరోజులు ఊరికే వాడి చూసుకోమన్నారుట. మనవాడు ఒక జోలపాట దానికి అప్పజెప్పి మీట నొక్కాడు. అది పాట విని, తనంతట తనే అన్నీ సర్ది పెట్టింది. పాట ఖంగుమని మోగింది. స్నేహితులు విని, "సినిమాపాటలా ఉందిరా!" అన్నారు. కొబ్బరికాయలు అమ్మిన డబ్బు చేతిలో ఉంది. కొనేద్దామనే అనుకున్నాడు. ఈలోగా అమ్మగారికి వినిపించాడు.

"పాడింది నేనే గాని అబ్బాయీ, పిల్లణ్ణి నిద్రపుచ్చుతున్నట్టు లేదురా. వీధిలో ఎవరిమీదికో తగువుకి వెళ్ళినట్టుంది" అందిట ఆవిడ. "వెనకాల ఆ ఝుమ్మనే మోత ఏవిటి?" అని కూడా అడిగిందిట.

ఆ మోత ఫానుది.

పేపర్లు పక్కకు నెట్టి, వాడి మోటారుసైకిలు వెనకాల ఎక్కాను.

అసలు మాస్టరింగ్ అంటే ఏమిటో దారిలోనే వాడికి చెప్పడం మొదలుపెట్టాను. వాక్యం వ్రాయడం వేరు, ప్రూఫు దిద్దడం వేరు. పాడించడం, వాద్యాలు కలపడం వ్రాతపని. మాస్టరింగ్, అచ్చుకు వెళ్ళేముందు చూసుకునే ఆఖరి ప్రూఫు. కథ బాగుండకపోతే ప్రూఫు దిద్దేవాడు ఏం చెయ్యగలడు?

ఈ పని గ్రామఫోను నాటిది. 1908లో కలకత్తా సియాల్దాలో గ్రామఫోను కంపెనీ ఫ్యాక్టరీ పెట్టింది. ఆ రోజుల్లో పాటను ముందు ఒక మూలపు పళ్ళెంమీద గాడిగా చెక్కేవారు. దాన్నుంచి అచ్చుదిమ్మలు, దిమ్మల్నుంచి రికార్డులు. ఆ మూలమే 'మాస్టరు.' మందరం మోత మరీ హెచ్చితే గాడి వంకర తిరిగి పక్కగాడిలోకి దూరుతుంది, ముల్లు ఎగిరిపడుతుంది. అందుకని చెక్కేటప్పుడు మందరం తగ్గించి, వినేటప్పుడు యంత్రంలో ఆ మేరకు పెంచుకునేవారు. ఎంత తగ్గించాలి, ఎంత పెంచాలి అన్నదానికి అమెరికా రికార్డు కంపెనీల సంఘం 1954లో ఒక కొలత స్థిరపరచింది. అంటే మాస్టరింగ్ పుట్టింది పాటను గొప్పచెయ్యడానికి కాదు. ఎక్కబోయే బండికి సరిపోయేట్టు సర్దడానికి.

ఇప్పుడు ముల్లూ లేదు, గాడీ లేదు. కాని కంప్యూటరులో శబ్దానికి ఒక పైకప్పు ఉంది. దాన్ని సున్న డెసిబెల్లు అంటారు. అంతకు మించి ఒక్క పిసరు కూడా పట్టదు.

మనవాళ్ళకి కాలవలూ పడవలూ కొత్తా? ఆ ఉపమానమే చెప్పాను. కాలవమీద వంతెన ఉంది. అది కదలదు, అదే పైకప్పు. పడవ మీ పాట. పడవమీద నిలిచిన తెరచాపకొయ్య పాటలోని పైమెరుపు: డోలుదెబ్బ, పల్లవి ఎత్తుగడ, గొంతు విప్పిన చోటు. మోత పెంచడమంటే కాలవలో నీరు పెంచడం. నీటితోపాటు పడవ లేస్తుంది. కొయ్య వంతెనకు తగులుతుంది. తగలకుండా కొయ్యను వంచేవాడు లిమిటరు. కాస్త వంచితే ఎవరికీ తెలియదు. ఇంకా ఇంకా నీరు పెంచుతూ పోతే కొయ్య పోయి, గూడు పోయి, చివరికి వంతెన కింద చదునుగా ఇరుక్కున్న చెక్కబల్ల మిగులుతుంది. నీరు పెరిగితే అడుగున ఉన్న బురదా పైకి తేలుతుంది. అమ్మగారికి వినిపించిన ఫాను అదే.

"మరి అందరూ బాగుందన్నారు గదండీ?" అన్నాడు.

అదే ఇందులో ఉన్న కిటుకు. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు అమెరికాలో చెవిని పరీక్షించి తేల్చారు. శబ్దం చిన్నదైతే మన చెవికి మందరం, తారం తక్కువగా అందుతాయి. మోత పెరిగినకొద్దీ అవి నిండుగా వినిపిస్తాయి. కనక అదే పాటను ఏ మెరుగూ పెట్టకుండా కాస్త పెంచి వినిపిస్తే చాలు, 'బాగుపడింది' అంటాం. సాఫ్ట్‌వేరు ముందూ వెనకా వినిపించేటప్పుడు వెనకది పెద్దగా మోగితే, మనం పనితనాన్ని మెచ్చుకుంటున్నామో మోతను మెచ్చుకుంటున్నామో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు.

ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ కొబ్బరినీళ్ళు ఇచ్చి, ఆ గదిలోనే ఒక మూల కూచుంది. యూలీన్ అని ఒక కొలతపరికరం ఉంది, ఉచితంగా దొరుకుతుంది. పాట మొత్తంమీద చెవికి ఎంత మోగుతోందో కొలిచి చెబుతుంది. ఆ కొలతను లఫ్స్ అంటారు. అంతర్జాతీయ టెలికం సంస్థ 2006లో స్థిరపరచిన లెక్క దీనికి ఆధారం. అసలు జోలపాట మైనస్ 22 ఉంది, మెరుగుపెట్టినది మైనస్ 9. అంటే పదమూడు డెసిబెల్ల తేడా! మెరుగుపెట్టినదాన్ని పదమూడు తగ్గించి రెండింటినీ సమం చేశాం. ఏది ఏదో చెప్పకుండా ఒకదాని వెంట ఒకటి వినిపించాం. ఆవిడ తడుముకోలేదు.

"మొదటిదాంట్లో ఊపిరి తీసుకున్న చోటు తెలుస్తోంది. రెండోదాంట్లో లేదు" అంది.

మొదటిది అసలుది.

తప్పు సాఫ్ట్‌వేరుది కాదు సుమండీ. ఎంత మోత కావాలో చెప్పకుండా మనవాడు మీట నొక్కాడు. నేటి బజారుపాటలంత అది ఇచ్చింది.

పోనీ, అంత మోతవల్ల బయట లాభముందా అంటే అదీ లేదు. స్పాటిఫై మామూలుగా పాటలన్నిటినీ సుమారు మైనస్ 14 దగ్గరకు సర్ది వినిపిస్తుంది. యూట్యూబు కూడా మరీ మోగేవాటిని తగ్గిస్తుంది. కనక మైనస్ 9 పాటను అయిదు డెసిబెల్లు దించేస్తారు. మోత నిలవదు, విరిగిన తెరచాపకొయ్య తిరిగి రాదు. ఈ మోత పందెంలో మహామహులే బోర్లాపడ్డారు. 2008లో మెటాలికా వారి 'డెత్ మాగ్నెటిక్' వచ్చినప్పుడు, ఒక వీడియో ఆటలో వాడిన అవే పాటలు ఆల్బంలోకంటే స్పష్టంగా ఉన్నాయని వేలమంది అభిమానులు గోలపెట్టారు. మాస్టరింగ్ చేసిన టెడ్ జెన్‌సెన్, తన చేతికి వచ్చేటప్పటికే పాటలు అలా నలిగి ఉన్నాయన్నాడు.

ఇక చీటీ సంగతి. చీటీలోని మొదటి రెండూ పచారీకొట్టు లాంటివి. తూకం సర్దే ఈక్వలైజరు, ఎగుడుదిగుళ్ళు తగ్గించే కంప్రెసరు, కుడిఎడమల వెడల్పు చూసేది, లిమిటరు, కొలతలు, అన్నీ ఒకేచోట దొరుకుతాయి.

ఓజోన్ 2001నుంచీ ఉంది. ఎలిమెంట్స్, స్టాండర్డ్, అడ్వాన్స్‌డ్ అని మూడు అంతస్తులు. తనంతట తను సర్దే సహాయకుడు ఉన్నాడు. ముందూ వెనకా సమానమైన మోతలో వినే సదుపాయం కూడా ఉంది. టీ-రాక్స్ ఇంకా ముందుది, 1999 నాటిది. పాత స్టూడియో పరికరాల పోకడలు ఇష్టపడేవారికి అనువు, కావలసిన పనిముట్టు విడిగానూ కొనుక్కోవచ్చు. లాండర్ 2014లో వచ్చింది. పాటను ఇంటర్నెట్టులో పంపితే యంత్రమే చేసి తిరిగి ఇస్తుంది. బాండ్‌లాబులో ఇదే పని ఉచితం. ఇవి తొందరగా ఒక నమూనా వినిపించడానికి పనికొస్తాయి గాని, మన చేతికి పగ్గాలు తక్కువ. ఆపిల్ కంప్యూటరుమీద లాజిక్ ప్రో వాడేవారికి 2023నుంచి మాస్టరింగ్ సహాయకుడు అందులోనే ఉన్నాడు, వేరే కొననక్కర్లేదు. మనవాడిది విండోసు.

డబ్బు పెట్టకుండా నేర్చుకోదలచినవారికీ దారి ఉంది. తూకానికి టీడీఆర్ నోవా, కంప్రెసరుకు కోటెల్నికోవ్, లిమిటరుకు లౌడ్‌మాక్స్, కొలతకు యూలీన్. అన్నింటికీ ఉచిత ప్రతులున్నాయి. నాలుగు కొట్లు తిరగాలి, అంతే తేడా.

కొనేముందు ఆరు ప్రశ్నలు వేసుకోమన్నాను. ముందూ వెనకా మోత సమం చేసి వినవచ్చునా? ఒక్కొక్క పనిముట్టునూ విడిగా ఆపి, అది ఏం చేస్తోందో చూడవచ్చునా? డబ్బు ఒక్కసారి కట్టేదా, నెలనెలా అద్దెలా కట్టేదా? అద్దె ఆపేస్తే పాత పని తెరుచుకుంటుందా? మన కంప్యూటరు మొయ్యగలదా? ఇవి అయిదు. ఆరోది అన్నిటికంటే పెద్దది: నేను బాగుచెయ్యాలనుకున్న లోపం అసలు మాస్టరింగులో బాగయ్యేదేనా?

ఫాను బాగయ్యేది కాదు. దానికి వెనక్కి వెళ్ళాలి. అదృష్టవశాత్తూ పాట ఎత్తుకునే ముందు నాలుగు సెకన్లు ఉత్త ఫాను మోత రికార్డయింది. ఉచితంగా దొరికే ఆడాసిటీకి ఆ నాలుగు సెకన్లూ నమూనాగా ఇస్తే ఫానును చాలావరకు తగ్గించింది. మరీ తోమితే గొంతు నీళ్ళలోంచి వస్తున్నట్టవుతుంది. అందుకని ఫానును కొంత ఉండనిచ్చాం. ఆ పైన తూకం కాస్త సర్ది, మైనస్ 16 దగ్గర ఆపి, కొయ్య కొన వంతెనకు ఒక డెసిబెల్లు కిందనే ఉండేట్టు చూసుకున్నాం. జోలపాట మళ్ళీ జోలపాట అయింది.

ఇల్లా పది పాటలకు దారి దొరికింది. పదకొండోది అప్పగింతల పాట.

ఆ పాట తెరిచేసరికి వాడి మొహం మాడిపోయింది. అమ్మగారు గొంతు విప్పి పైకి వెళ్ళిన చోటల్లా అల శిఖరం కత్తితో కోసినట్టు చదునుగా ఉంది. పాడించిన రోజున మైకుపెట్టె మీట మరీ ఎక్కువ తిప్పాడు. కొయ్య ఆనాడే వంతెనకు కొట్టుకుని విరిగింది.

"అడ్వాన్స్‌డ్ కొంటే వస్తుందాండీ?" అన్నాడు మెల్లిగా.

తెగిన శిఖరాలను ఊహించి పూడ్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. చిన్న చిన్న దెబ్బలైతే చెవి ఒప్పుకునేట్టు పూడుస్తాయి కూడా. కాని ఇది చరణం చరణానికీ ఉంది. పూడ్చినంతమట్టుకు ఆ గొంతు యంత్రం అల్లినది అవుతుంది గాని, ఆవిడది కాదు.

"రాదురా" అన్నాను.

కొంతసేపు ఎవరమూ మాట్లాడలేదు. కొబ్బరిడబ్బుతో ముందు రెండు హార్డ్‌డిస్కులు కొనమన్నాను. పదకొండు అసలు ప్రతులూ, ఆ పగిలిన పాటతో సహా, రెంటిలోనూ పెట్టి, ఒకటి మా ఇంట్లో దాచమన్నాను. 1996 నవంబరు తుపాను చూసినవాళ్ళం. ఇంట్లో ఉన్నదంతా ఒక్క రాత్రిలో పోవచ్చునని కోనసీమలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. సాఫ్ట్‌వేరు సంగతి పదిపాటలూ ఉచిత పనిముట్లతో పూర్తిచేశాక, ఇంకా ఏది లోటో తెలిశాక చూడవచ్చు.

మూలనున్న అమ్మగారు అప్పుడు అంది: "కింది స్థాయిలో పాడితే ఆ డబ్బా పట్టదేవిట్రా?"

వాడు నా మొహం చూశాడు. లేచి మైకు సర్దాడు. ఆవిణ్ణి ఒక చరణం గట్టిగా అనమని, ఎంత గట్టిగా పాడినా ముల్లు మైనస్ 12 దాటకుండా మీట తగ్గించాడు. గుమ్మానికి బొంత వేళ్ళాడదీశాడు. ఫాను ఆపాడు.

విసనకర్ర చప్పుడవుతుందేమోనని నేనూ దాన్ని కింద పెట్టేశాను.