హార్స్ పవర్ సరే, నీళ్లెన్ని?

అనంతపురం: బోరు మోటారు కొనబోయే రైతు దుకాణంలో అడిగే మొదటి మాట "ఎన్ని హెచ్.పి.?" అని. రెండో మాట ధర. ఇంత లోతు నుంచి సెకనుకు ఎన్ని లీటర్లు తోడుతుంది అన్న ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది. పంపుసెట్టు కొనేది ఆ నీటి కోసమే అయినా పరిస్థితి ఇలా వుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ జిల్లాలో చీనీ తోటలకు బోరు నీరే ఆధారం. అటువంటి చోట ఈ అజాగ్రత్త ఖరీదు తక్కువేమీ కాదు.

రైతు అడగని ప్రశ్నకు జవాబు మోటారుకు తగిలించిన రేకు మీద వుంటుంది. హెడ్ ఎన్ని మీటర్లు, డిశ్చార్జి సెకనుకు ఎన్ని లీటర్లు, పనితనం ఎంత శాతం అనే అంకెలు దాని మీద ముద్రించాలి. ఆ అంకెలు పుట్టేది పరీక్షాశాలలో.

పంపుల తయారీకి పేరుపడిన కోయంబత్తూరులో సిటార్క్ అనే పరీక్షా కేంద్రం వుంది. చాలా కంపెనీలకు సొంత పరీక్షాశాలలు కూడా వున్నాయి. ఎక్కడైనా పరీక్షించే పద్ధతి ఒకటే. పంపును నీటి తొట్టిలోకి దించి, బయటికి వచ్చే గొట్టానికి ఒక వాల్వు బిగిస్తారు. నిజంగా 300 అడుగుల బోరు తవ్వనక్కర లేదు. వాల్వును కొద్దికొద్దిగా మూస్తూపోతే గొట్టంలో ఒత్తిడి పెరుగుతుంది. ప్రెషర్ గేజిలో ఒక కిలో ఒత్తిడి సుమారు 10 మీటర్ల ఎత్తుకు నీరు ఎత్తడంతో సమానం. ఒక్కొక్క ఒత్తిడి వద్ద ఎంత నీరు వస్తున్నదో, ఎంత కరెంటు లాగుతున్నదో రాసుకుని ఆ లెక్కలతో ఒక గీత గీస్తారు. ఆ గీత చూస్తే పంపు గుట్టు తెలిసిపోతుంది. ఏదో ఒక లోతు వద్ద అది బాగా పనిచేస్తుంది. అంతకంటె లోతైతే నీరు తగ్గిపోతుంది. లోతు మరీ తక్కువైతే కరెంటు ఎక్కువ లాగి మోటారు వేడెక్కే ప్రమాదం వుంది.

మరి నీటిని కొలిచే మీటరే తప్పయితే? దానికీ పరీక్ష వుంది. కేరళలోని పాలక్కాడ్ వద్ద కేంద్ర ప్రభుత్వం 1987లో స్థాపించిన ఫ్లూయిడ్ కంట్రోల్ రీసెర్చి ఇన్‌స్టిట్యూట్‌లో నీరు, నూనె, గాలి ప్రవాహాలను కొలిచే మీటర్లను సరిచూస్తారు. మీటరు గుండా పారిన నీటిని తొట్టిలో పట్టి, తూకం వేసి, పట్టిన సమయంతో భాగించి చూస్తారు. ఎంత గొప్ప యంత్రమైనా చివరకు త్రాసు ముందు నిలబడవలసిందే.

ఇంత శ్రద్ధగా పుట్టిన అంకె పల్లెకు వచ్చేసరికి ఎందుకు తప్పుతున్నది?

మొదటిది వోల్టేజి. పరీక్ష 415 వోల్టుల వద్ద జరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా లైను చివర వున్న బోరుకు అంత అందదు. వోల్టేజి పడిపోతే మోటారు వేగం కొంత తగ్గుతుంది. వేగం 5 శాతం తగ్గితే నీరు ఎత్తే శక్తి దాదాపు 10 శాతం తగ్గుతుంది. పైగా కరెంటు ఎక్కువ లాగి వైండింగు కాలిపోతుంది.

రెండవది లోతు. 600 అడుగుల బోరు కాబట్టి 600 అడుగుల మోటారు కావాలని చాలామంది రైతుల నమ్మకం. బోరు ఎంత లోతు వేశారన్నది పంపుకు అనవసరం. మోటారు ఆడుతున్నప్పుడు నీరు ఏ మట్టంలో నిలుస్తున్నది, అక్కడ నుంచి పొలం గట్టు దాకా ఎంత ఎత్తాలి, పైపులో రాపిడి ఎంత అన్నవే లెక్క. స్టేజీలు ఎక్కువున్న పంపు దించినంత మాత్రాన నీరు ఎక్కువ రాదు. మండలాల్లో నీటిమట్టం చూడటానికి భూగర్భ జల శాఖకు పరిశీలక బోర్లున్నాయి. మోటారు కొనేముందు ఆ లెక్క అడిగి తెలుసుకునే రైతు మాత్రం అరుదు.

మూడవది రీవైండింగు. కాలిన మోటారును మెకానిక్ షెడ్డులో మళ్లీ చుట్టిస్తారు. తీగ గేజి మారినా, చుట్లు తగ్గినా మోటారు పాత పనితనానికి రాదు. ఇసుక నీటికి లోపలి ఇంపెల్లర్లు అరిగిపోతాయి. రేకు మీది అంకె మాత్రం మారదు. మూడుసార్లు కాలి, నాలుగోసారి చుట్టించిన మోటారు మీద కూడా కొన్ననాటి అంకెలే వుంటాయి.

తేడా ఎంతో ఒక లెక్క చూస్తే అర్థమవుతుంది. ఒక హార్స్ పవర్ అంటే సెకనుకు 75 లీటర్ల నీటిని ఒక మీటరు ఎత్తే శక్తి. 75 మీటర్లు, అంటే సుమారు 250 అడుగుల ఎత్తుకు 5 హెచ్.పి. మోటారు ఏ నష్టమూ లేకుండా పనిచేస్తే సెకనుకు 5 లీటర్లు రావాలి. అటువంటి పంపు లోకంలో లేదు. పంపు పనితనం 60 శాతమైతే 3 లీటర్లు వస్తాయి. అరిగిపోయి 40 శాతానికి దిగితే 2 లీటర్లే. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి ఇచ్చే కరెంటు రోజుకు 9 గంటలు. మొదటి పంపు ఆ వేళలో 97,200 లీటర్లు తోడితే, రెండవది 64,800 లీటర్లు తోడుతుంది. రోజుకు 32,400 లీటర్లు పోయినట్టే. మోటారు మోత మాత్రం రెండింటికీ ఒకటే.

ఉమ్మడి రాష్ట్రంలో 2004 మేలో ఉచిత విద్యుత్ వచ్చిన తరువాత ఈ నష్టం బిల్లులో కనిపించడం మానేసింది. ఉచితం పొందే రైతు ఐ.ఎస్.ఐ. పంపుసెట్టు, కెపాసిటర్, ప్లాస్టిక్ పైపు, రాపిడి లేని ఫుట్ వాల్వు వాడాలని అప్పట్లో టారిఫ్ ఉత్తర్వులలో షరతులు పెట్టారు. షరతు వున్నంత బలంగా తనిఖీ లేదు. బిల్లు కట్టని రైతుకు కరెంటు నష్టం పట్టకపోవచ్చు. నీళ్ల నష్టం మాత్రం తోట ఎండినప్పుడు తెలుస్తుంది. అప్పుడు తప్పు బోరు మీద పడుతుంది. మోటారు పాతబడిందని తేలకముందే మరో బోరుకు అప్పు చేసిన కుటుంబాలు పల్లెల్లో వున్నాయి.

ఐ.ఎస్.ఐ. గుర్తు వుంటే చాలునా? గుర్తు వుండటం మేలే. పంపును పరీక్షించిన తరువాతే లైసెన్సు ఇస్తారు. ఆ తరువాత కూడా ఫ్యాక్టరీ నుంచి, బజారు నుంచి నమూనాలు తీసి పరీక్షిస్తారు. బోరులోకి దించే సబ్‌మెర్సిబుల్‌కు ఐ.ఎస్. 8034, బావిలో వేసే ఓపెన్‌వెల్ మోటారుకు ఐ.ఎస్. 14220 వర్తిస్తాయి. ఆ నంబరు గుర్తుకు పైన, సి.ఎం./ఎల్. అనే లైసెన్సు నంబరు గుర్తుకు కింద వుండాలి. కింది నంబరును సెల్‌ఫోనులో బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో కొట్టి చూస్తే లైసెన్సు నిజమైనదో కాదో తెలుస్తుంది. నంబరు లేని ఒట్టి గుర్తు స్టిక్కరుతో సమానం. వీటితోపాటు కేంద్ర ఇంధన పొదుపు సంస్థ ఇచ్చే నక్షత్రాల లేబులు కూడా వుంది. ఎక్కువ నక్షత్రాలున్న పంపుకు పనితనం ఎక్కువ. వ్యవసాయ పంపులకు ఆ లేబులు కంపెనీల ఇష్టానికి వదిలేయడం వింతగా వుంది.

2019లో వచ్చిన పి.ఎం. కుసుమ్ పథకం కింద సబ్సిడీపై ఇచ్చే సోలార్ పంపుల విషయంలో మాత్రం ఫలానా ఎత్తుకు రోజుకు ఇన్ని లీటర్లు తోడాలని కేంద్రం ప్రమాణం పెట్టింది. హార్స్ పవర్‌తో సరిపెట్టకుండా నీటితోనే కొలిచారు. కరెంటు మోటారు కొనే రైతుకు కూడా అంగడిలో అదే భాషలో చెప్పించడం అసాధ్యమేమీ కాదు.

ఇందులో మరొక చిక్కున్నది. పంపు బాగుపడితే అదే 9 గంటల్లో ఎక్కువ నీరు పైకి వస్తుంది. బోరులో ఊట అంత లేకపోతే మోటారు గాలి లాగుతుంది. పక్క రైతు బోరు కూడా దెబ్బతినవచ్చు. కాబట్టి ఎక్కువ నీరిచ్చే పంపే మంచిదనుకోవడం కూడా పొరపాటే. బోరు ఇచ్చే నీటికి సరిపోయే పంపు కావాలి. అది చెప్పాలంటే బోరునూ పంపునూ రెండింటినీ కలిపి పరీక్షించాలి. ఆ పని కోయంబత్తూరులో జరిగేది కాదు, పొలంలో జరగవలసినది.

అనంతపురం రైతు తన మోటారును బండి మీద వేసుకుని ఐదు వందల కిలోమీటర్లు దాటి వెళ్లలేడు. ఒక వోల్టుమీటరు, ఒక ప్రెషర్ గేజి, ఒక నీటి మీటరు పెట్టుకుని మండలాల వెంట తిరిగే వ్యాను ఒకటి వుంటే చాలా బోర్ల జాతకం తేలిపోతుంది. రీవైండింగు షెడ్డులో చేసిన పనికి కూడా అప్పుడు లెక్క దొరుకుతుంది. విద్యుత్ పంపిణీ సంస్థ, వ్యవసాయ శాఖ, భూగర్భ జల శాఖ కలిస్తే దానికి పెద్ద ఖర్చు కాదు.

అంతవరకు రైతు చేతిలో వున్నది 200 లీటర్ల డ్రమ్ము, ఒక గడియారం. సెకనుకు 3 లీటర్లు వస్తే డ్రమ్ము 67 సెకన్లలో నిండుతుంది, 2 లీటర్లయితే 100 సెకన్లు పడుతుంది. కొత్త మోటారు దించిన రోజున ఒకసారి పట్టి, ఆ అంకెను తేదీతో సహా స్టార్టర్ పెట్టె తలుపు లోపల రాసుకోవాలి. ఏటా ఉగాదికి, దీపావళికి మళ్లీ పట్టాలి. నీటిమట్టం దిగకుండానే సమయం పెరిగిందంటే చూడవలసింది పైపు జాయింట్లు, ఇంపెల్లర్లు, ఆ తరువాత వైండింగు. కొత్త బోరు మాట ఆ తరువాతే.