గిడుగు వారికి దండ, అరబ్బీకి గ్రాంథికమా?

ఏటా ఆగస్టు 29న మనవాళ్ళు గిడుగు రామమూర్తి పంతులుగారి పటానికి దండ వేసి, వాడుక భాష గొప్పదనం మీద ఉపన్యాసాలిస్తారు. సభ ముగిశాక టీ తాగుతూ ఆ వక్తలే, "అరబ్బీ నేర్చుకుంటే ఫుస్‌హాయే నేర్చుకోవాలండీ, ఖతార్ వాళ్ళు మాట్లాడేది అపభ్రంశం" అని తేల్చేస్తారు. ఇదెక్కడి న్యాయమో మాకు బోధపడదు.

ఫుస్‌హా మేమూ నేర్చుకున్నాం. వార్తలు వినడానికి, సర్క్యులర్లు చదవడానికి అది కావాలి, కాదనం. కాని దోహాలో ఏ పెద్దావిడా డాక్టరు దగ్గర వార్తలు చదవదు. ఆయాసమని వచ్చిన ఒకావిడ వెళ్ళబోతూ "రీలి తఅవ్విర్ని" అన్నది. మేము అర్థమైనట్టు తల ఊపి మందు రాయబోయాం. ఏ తరగతికీ వెళ్ళని మలయాళీ నర్సు, "కాలు నొప్పంటోంది డాక్టర్" అన్నది. చూస్తే పిక్క వాచి ఉన్నది! కాలి సిరలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తికి చేరితే ప్రాణం మీదికి వస్తుంది. వెంటనే పెద్దాసుపత్రికి పంపించాం. మా పుస్తకంలో కాలు "రిజ్ల్", నొప్పికి "తుఅలిము". ఇక్కడివారి నోట జకారం చాలాచోట్ల యకారమవుతుందనీ, నొప్పికి మాటే వేరనీ మాకెవరూ చెప్పలేదు. ముక్కు "అన్ఫ్" కాదు, "ఖష్మ్". ఇప్పుడు అంటే "అల్‌ఆన్" కాదు, "అల్‌హీన్". బాగున్నారా అనడానికి "ష్లోనక్", అంటే నీ రంగెలా ఉందని!

అపభ్రంశమట. చెప్పుల్ని "జూతీ" అనీ, తిన్నగా పొమ్మనడానికి "సీదా" అనీ అంటారు ఇక్కడ. ఆ మాటలు మన దేశంనుంచి ఓడలెక్కి వచ్చినవే.

డ్రైవర్లతో, పనివాళ్ళతో మనం మాట్లాడే "మాఫీ మాలూమ్" అరబ్బీని మేము సమర్థించడం లేదు. అది యజమానికీ పనివాడికీ మధ్య పుట్టిన భాష. ఏ ఖతారీ తల్లీ బిడ్డతో అలా మాట్లాడదు. మేము అడిగేది ఆ తల్లి భాషను.

పర్లాకిమిడిలో పంతులుగారు సవర భాషను ఏ పుస్తకంలోంచి నేర్చుకున్నారు? సవరల నోటినుంచే కదా! 1931లో అచ్చయిన వారి సవర వ్యాకరణం అలా వినగా విని రాసిందే.

కనుక ఈసారి అరబ్బీ తరగతి పెడితే, పుస్తకం పక్కన ఒక ఖతారీ పెద్దమనిషిని కూడా కూర్చోబెట్టండి. మొదటి ఫీజు మాదే.