‘ఎరేజ్ డిస్క్’ నొక్కితే లినక్స్ వచ్చేసినట్టేనా?

రుషికొండ ఐటీ కొలువుల కోసం తిరిగే ఫ్రెషర్ల రెజ్యూమేల్లో ‘లినక్స్’ అన్న మాట మామూలైపోయింది. ‘పవర్ బటన్ నొక్కాక లాగిన్ స్క్రీన్ వచ్చేదాకా ఏం జరుగుతుంది?’ అని ఇంటర్వ్యూలో అడిగితే మాత్రం చాలామంది నోరు పెగలదు. ‘ఎరేజ్ డిస్క్’ నొక్కితే పార్టిషన్లన్నీ ఇన్‌స్టాలరే చేసేస్తుంది. ఇక మనకేం తెలుస్తుంది? ఒక్కసారైనా వాటిని మాన్యువల్‌గా చేయాలంటాను.

ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. మన పోర్టులో భారీ ఓడలకు ఔటర్ హార్బర్, చిన్నవాటికి ఇన్నర్ హార్బర్ ఉన్నట్టే, డిస్కులోనూ దేని చోటు దానిదే. కంప్యూటర్ ఆన్ కాగానే యూఈఎఫ్ఐ ముందు ‘ఈఎస్‌పీ’ అనే చిన్న ఫ్యాట్32 పార్టిషన్‌ని వెతుకుతుంది. అందులోంచి మొదలయ్యే గ్రబ్, కెర్నల్‌ని లోడ్ చేస్తుంది. కెర్నల్ వచ్చాక రూట్ పార్టిషన్ మౌంట్ అవుతుంది. హోమ్‌ని వేరే పార్టిషన్‌లో పెట్టుకుని, దాన్ని ఫార్మాట్ చేయకుండా ఉంటే, సిస్టమ్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా మీ ఫైళ్లు పదిలం.

అయితే ఇంట్లో ఉన్న ఒక్క లాప్‌టాప్‌తో ఆటలొద్దు. ముందు వర్చువల్‌బాక్స్‌లో ప్రాక్టీస్ చేయండి. విండోస్ పక్కనే లినక్స్ కావాలంటే ప్రాజెక్టు ఫైళ్లు బ్యాకప్ తీసి, బిట్‌లాకర్ రికవరీ కీ కాగితం మీద రాసుకున్నాకే మొదలెట్టండి. పాత ఈఎస్‌పీని ఫార్మాట్ చేశారో, విండోస్ బూట్ కాదు.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సాధారణ సపోర్ట్ ముగిసింది. దాంతో మూలనపడ్డ పాత లాప్‌టాప్ దొరికితే అదే మీ ల్యాబ్. వేలు పోసి సర్టిఫికెట్ కోర్సులో చేరేముందు ఒక్క ఆదివారం దానితో కూర్చోండి. రేపు కంపెనీలో సర్వర్ బూట్ కాకపోతే, సర్టిఫికెట్ ఉన్నవాళ్లని కాదు, పని తెలిసినవాళ్లనే పిలుస్తారు.