ఒత్తిడి పనిలో లేదు, పెత్తనంలో ఉంది

ఉపాధ్యాయులకు వృత్తిపట్ల తృప్తి సన్నగిల్లుతున్నదనీ, దానికి కారణం పని ఒత్తిడి అనీ, విరుగుడుగా యోగాభ్యాసమూ వ్యక్తిత్వ వికాస ప్రసంగాలూ ఏర్పాటు చేయాలనీ పెద్దలు సెలవిస్తున్నారు. కాలికి ముల్లు గుచ్చుకుంటే తలకు నూనె రాయడమంటే ఇదే.

పని పెరిగితే తృప్తి తరుగుతుందనడం అర్ధసత్యం. మా శ్రీముఖలింగానికి చేరువనున్న పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారి జీవితం చూడండి. 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరి 1911 వరకు కొలువు చేశారు. ఆ కొలువులో ఉంటూనే సవర భాష నేర్చారు. సవరలకోసం పుస్తకాలు వ్రాశారు, వారికి చదువు చెప్పించారు. ఆ భాషకు ఆయన చేసిన వ్యాకరణం 1931లో వెలువడింది. బడి పనికి ఇది రెట్టింపు పని. పై అధికారి ఎవరూ పురమాయించినది కాదు. (నావంటి గ్రాంథికశిక్షితులకు ఆయన ప్రతిపక్షి, అది వేరే తగవు.) ఆ భారం ఆయనను కుంగదీయలేదు. దేనిని ఎట్లా చేయాలో నిర్ణయించుకొన్నది తానే గనుక.

అమెరికా పరిశోధకుడు రాబర్ట్ కరాసెక్ 1979లో చెప్పినదీ ఇంచుమించు ఇదే. స్వీడన్, అమెరికా ఉద్యోగుల వివరాలు పరిశీలించి, పనిభారం అధికమై నిర్ణయాధికారం అల్పమైనచోటనే మనిషి నలిగిపోతాడనీ, ఉద్యోగంపై విరక్తి కలుగుతుందనీ ఆయన తేల్చారు.

ఇక మన బడులకు వద్దాం. 2020 మే నెలలో విశాఖపట్నం జిల్లాలో మద్యం దుకాణాలవద్ద వరుసలు నిలబెట్టడానికి ఉపాధ్యాయులను పంపారు. చదువు చెప్పే చేతితో మరుగుదొడ్ల ఫొటోలు తీయించి యాప్‌లో ఎక్కించమన్నారు. ఆ పనిని 2024లో తొలగించారు. 2022 ఆగస్టులో ముఖం చూపి హాజరు వేసుకొనే యాప్ వచ్చింది. సొంత ఫోను, సొంత డేటా. సిగ్నలు అందని కొండబడిలో పంతులు ఫోను పైకెత్తి నిలబడితే, లోపల పిల్లలు పాఠంకోసం ఎదురుచూడవలసిందే. ఇవేవీ బరువైన పనులు కావు. ఫొటో తీయడానికి నిమిషం చాలు. ఆ నిమిషం పంతులుతో చెప్పే మాట ఒక్కటే: "నిన్ను నమ్మము." ఆ మాటను రోజూ వినేవాడికి తృప్తి ఎక్కడినుంచి వస్తుంది?

బడికి ఎగనామం పెట్టేవారు లేరా అంటారా? ఉన్నారు. వారిని పట్టుకోండి, శిక్షించండి. ఆ కొందరికోసం వేళకు వచ్చే వందమందిని అనుమానితుల వరుసలో నిలబెట్టడం పర్యవేక్షణ అనిపించుకోదు. జీతాలు పెరిగాయి కదా అనేవారూ ఉన్నారు. జీతం కడుపుకు, గౌరవం దేనికో వారికి తెలియదు కాబోలు.

2009నాటి విద్యాహక్కు చట్టం 27వ సెక్షను ఉపాధ్యాయులను జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప విద్యేతర పనులకు నియోగించరాదంటున్నది. సారా దుకాణపు వరుస ఈ మూడింటిలో దేనికిందికి వస్తుందో, యోగా తరగతులు పెట్టించే పెద్దలే సెలవియ్యాలి.